ఆకు తిరగేసి చూడండి



తొలకరి పడింది. ఎండలకు బిగుసుకుపోయిన వంగమొక్క కొత్త చిగుళ్లు వేసింది. పాదుల్లో సొర, గుమ్మడి మొలకలు తలెత్తాయి. గోంగూర జానెడు ఎదిగింది. చిగురు వచ్చిందంటే దాన్ని తినేవీ వచ్చేస్తాయి. పెరటి తోట, మిద్దె తోట పెంచేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువగా అడిగే మాట ఒకటే: "ఆకులన్నీ చిల్లులు పడిపోతున్నాయండీ, ఏ మందు కొట్టమంటారు?" మందు సంగతి తరవాత చెబుతాను. ముందు ఆకు తిరగేసి చూశారా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. పైనుంచి చూస్తే మనకు చిల్లు ఒక్కటే కనపడుతుంది. ఆ చిల్లు పెట్టిన పురుగు చాలాసార్లు ఆకు అడుగునే ఉంటుంది.

ఇవాళ మనం మాట్లాడుకునేది పెంకు పురుగుల గురించి. వీటికి వీపు మీద రెండు గట్టి రెక్కలు మూతపడి ఉంటాయి. ఎగరడానికి పనికొచ్చే పల్చటి రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి. నోరు నమలడానికి వీలుగా ఉంటుంది. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి రసం పీల్చేవి. వాటివల్ల ఆకు ముడుచుకుంటుంది, పాలిపోతుంది, జిగురు కారుతుంది గాని చిల్లు పడదు. కొరికిన గుర్తు ఉందంటే నమిలే పురుగు వచ్చిందన్నమాట. గొంగళి పురుగైతే కింది ఆకుల మీద గుండ్రటి రెట్ట గుళికలు రాలి ఉంటాయి. నత్త అయితే ఎండాక కూడా మెరిసే జిగురు చార వదిలిపోతుంది. ఈ రెండు గుర్తులూ లేకపోతే పెంకు పురుగును అనుమానించండి.

వంగతో మొదలుపెడదాం. వంగ ఆకు మీద అక్కడక్కడ పచ్చదనమంతా పోయి పల్చటి పొర మిగిలిందా? ఆ పొరలో సన్నటి గీతలు వరసగా కనపడుతున్నాయా? ఈనెలు మాత్రం నిలిచి, మధ్యభాగం ఎండి గోధుమరంగుకు తిరిగిందా? అయితే అది అక్షింతల పురుగు పని. వ్యవసాయ శాఖవాళ్లు ఎపిలాక్నా పెంకు పురుగు అని కూడా అంటారు. గుండ్రంగా, ఉబ్బెత్తుగా, కందిగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. రాగి రంగు వీపు మీద నల్ల చుక్కలు. ఒక జాతికి 12 చుక్కలు, ఇంకో జాతికి 28. వంగ ఒక్కటే కాదు, టమాటా, బంగాళాదుంప, కాకర ఆకులు కూడా తింటాయి. పెరట్లో ఒక మూల మొలిచే కామంచి, ఉమ్మెత్త కూడా వీటికి తిండే. కూరమొక్కల పక్కన ఆ కలుపు ఉంటే ముందు దాన్ని పీకెయ్యండి.

ఇప్పుడు ఆకు తిరగేయండి. తల్లి పురుగు ఆకు అడుగున పసుపు రంగు గుడ్లను నిలువుగా నిలబెట్టి గుంపుగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పొదిగి పిల్ల పురుగులు బయటికొస్తాయి. అవీ పసుపు రంగువే, ఒళ్లంతా చీలికలు చీలికలుగా ముళ్లుంటాయి. చూస్తే భయం వేస్తుంది గాని చేతికి గుచ్చుకోవు. పుట్టిన చోటే గుంపుగా ఉండి ఆకును గీకుతాయి, పెరిగేకొద్దీ చెదిరిపోతాయి. రెండు వారాలు తిని, ఆ ఆకుకో కాడకో అతుక్కుని నిద్రావస్థలోకి పోతాయి. అందులోంచి మళ్లీ చుక్కల పురుగులు. గుడ్డు నుంచి గుడ్డు దాకా మొత్తం నెల రోజుల లోపే అయిపోతుంది. ఒక్కో తల్లి తన జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక నెల ఉదాసీనంగా ఉన్నామంటే తోటంతా వాటిదే.

అందుకని మూడు రోజులకోసారి వంగ ఆకుల అడుగున చూడండి. గుడ్లు పొదగడానికి పట్టేది ఇంచుమించు అంతే కాలం. ఆ లోపల చూసి గుడ్ల గుంపును వేలితో నలిపేస్తే ముప్పై పురుగుల పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. మందుకొట్లో దొరికే ఏ సీసా కూడా ఇంత శుభ్రంగా చేయలేదు. పదెకరాల రైతుకు ఇది కుదరదు. పది మొక్కలున్న మీకు కుదురుతుంది. పెరటి తోటకున్న బలం అదే, దాన్ని వదులుకోవద్దు. పెద్ద పురుగులనైతే పొద్దున్నే, ఎండ ముదరకముందే పట్టుకోవాలి. చల్లదనానికి మందంగా ఉంటాయి. వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పోసి మొక్క కింద పెట్టి కొమ్మను తట్టండి, రాలి అందులో పడతాయి. పట్టుకుంటే కాళ్ల కీళ్ల నుంచి పసుపు రసం కారుస్తాయి. వాసన వస్తుంది, చేతికి మరక అంటుతుంది, అంతకుమించి ఏమీ కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ మాట చెప్పకపోతే మేలు కన్నా కీడు ఎక్కువ చేసినవాణ్నవుతాను. పేనుబంకను తిని మనకు సాయం చేసే చుక్కల పురుగులున్నాయి. వాటినీ మనవాళ్లు అక్షింతల పురుగులనే అంటారు. అదీ ఇదీ ఒకే కుటుంబం. ఒకటి ఆకు తింటుంది, రెండోది ఆకు రసం పీల్చేవాటిని తింటుంది. కంగారులో రెండింటినీ కలిపి చంపేస్తే పేనుబంకకు మన చేత్తో మనమే దారి తీసినట్టు.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మిత్రపురుగు వీపు నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎరుపో నారింజో, మీద నల్ల చుక్కలో వంకర టింకర చారలో ఉంటాయి. ఎపిలాక్నా వీపు మసకగా ఉంటుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే సన్నటి నూగు కనపడుతుంది. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా తేలిక. ఎపిలాక్నా పిల్ల పసుపు, ముళ్లది, కదలకుండా ఒకచోట కూచుని గీకుతుంది. మిత్రపురుగు పిల్ల పొడుగ్గా, నల్లగానో బూడిద రంగుగానో ఉండి, మధ్యలో నారింజ మచ్చలతో, ఆకు మీద చురుగ్గా పరుగులు పెడుతుంది. దాన్ని చూసి బెదిరి చంపేసేవాళ్లే ఎక్కువ. గుడ్లు రెండింటివీ పసుపే. అయితే మిత్రపురుగు గుడ్లు ఒకదానికొకటి ఆనుకుని దగ్గర దగ్గరగా ఉంటాయి, పక్కనే పేనుబంక ఉంటుంది. ఎపిలాక్నా గుడ్లు కాస్త ఎడంగా ఉంటాయి. తేలకపోతే ఆ ఆకు మీద పేనుబంక ఉందా, గీకిన మచ్చలున్నాయా అని చూడండి. అదే చెబుతుంది.

ఇంకొకటి. వంగ ఆకు అడుగున ఎపిలాక్నా పిల్లలు కొన్ని ముదురు గోధుమరంగుకు మారి, ఉబ్బి, కదలకుండా బిగుసుకుపోయి కనపడతాయి. వాటిని తీసి పారేయకండి. పీడియోబియస్ అనే అతి చిన్న కందిరీగ వాటిలో గుడ్లు పెట్టింది. దాని పిల్లలు లోపల పెరిగి, పెంకుకు చిల్లు పెట్టుకుని బయటికొచ్చి, ఇంకొన్ని ఎపిలాక్నా పిల్లల్ని వెతుక్కుంటూ పోతాయి. ఈ కందిరీగనే 1960లలో మన దేశం నుంచి అమెరికా తీసుకెళ్లి, అక్కడ చిక్కుడు జాతి పైర్లను తినే మరో ఎపిలాక్నా మీదికి వదిలారు. వాళ్లు సముద్రాలు దాటించి తీసుకెళ్లిన జీవి మన పెరట్లో ఊరికే తిరుగుతోంది. మనం చేయాల్సిందల్లా దాని మీద విషం చల్లకుండా ఉండటమే.

పాదుల దగ్గరికి వద్దాం. గుమ్మడి, సొర, దోస, బీర మొలకెత్తి రెండాకులు విప్పగానే వాలేది ఎర్ర గుమ్మడి పెంకు పురుగు. పొడుగ్గా, వీపు మెరిసే నారింజ ఎరుపు, పొట్ట నలుపు. గబుక్కున ఎగిరిపోతుంది, అందుకే మిట్టమధ్యాహ్నం పట్టుకోబోతే దొరకదు. దీని తిండి తీరు చూడటానికి ఓపికుంటే చూడండి: ఆకు మీద ముందు గుండ్రంగా కొరుక్కుంటూ వచ్చి, బయటి నుంచి రసం రాకుండా తెంపుకుని, ఆ తర్వాత ఆ గుండ్రం లోపలి భాగం తింటుంది. ముదిరిన పాదు ఈ చిల్లుల్ని తట్టుకుంటుంది. మొలకకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. రెండాకులే ఉన్నప్పుడు ఆ రెండూ పోతే ఇంకేముంటుంది? కాకర జోలికి ఇది అంతగా రాదు.

దీని గుడ్లు ఆకు మీద వెతక్కండి, దొరకవు. పాదు మొదట్లో తడి మట్టిలో పెడుతుంది. పిల్ల పురుగులు మట్టిలోనే ఉండి వేళ్లు తింటాయి, నేలకు ఆనిన కాయల్లోకి తొలుస్తాయి. కాబట్టి ఇక్కడ పని రెండు చోట్ల. గింజ పెట్టిన రోజే పాదు చుట్టూ నాలుగు పుల్లలు పాతి పాత దోమతెర గుడ్డ కప్పండి, అంచుల మీద మట్టి ఎగదోయండి. మొక్క ఐదారాకులు వేసేదాకా అలాగే ఉంచి తర్వాత తీసేయండి. పూత వచ్చేసరికి తేనెటీగలు రావాలి కదా, అప్పటికి తెర ఉండకూడదు. పాదుకు ఒక్క గింజ కాకుండా నాలుగైదు పెట్టి, నిలిచినవాటిలో బలమైనవి రెండు ఉంచుకోవడం పెద్దవాళ్లు చేసిన పనే. పొద్దున్నే మంచు తడి మీద జల్లించిన కట్టెల బూడిద పల్చగా చల్లడం కూడా వాళ్లు చేసిందే, అది పనిచేస్తుంది. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లాలి. కాపు అయిపోయిన పాదును పందిరి మీదే ఎండబెట్టి వదిలేయకుండా పీకి, మొదలు చుట్టూ మట్టి తవ్వి ఎండకు తిరగేస్తే లోపలి పురుగులు బయటపడి కాకులకు, మైనాలకు ఆహారమవుతాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. వంగ ఆకు అంచుల వెంట అర్ధచంద్రాకారంగా గాట్లు కనపడితే అది బూడిద రంగు ముక్కు పురుగు. కదిపితే చచ్చినట్టు నటించి కింద పడిపోతుంది. అడుగున గుడ్డ పరిచి మొక్కను కుదిపితే చాలు. అసలు ప్రమాదం దాని పిల్లలతో, అవి మట్టిలో వేళ్లు తింటాయి. నీళ్లు పోస్తున్నా మొక్క ఒక్కసారిగా వడలిపోతే మొదలు తవ్వి చూడండి. కుండీ మట్టిలో వేపపిండి కలుపుకోవడం దీనికి ముందు జాగ్రత్త. గోంగూర మీద ఆవగింజంత చిల్లులు లెక్కలేనన్ని ఉండి, చెయ్యి పెట్టగానే ఏవో చిన్నవి ఎగిరి గెంతితే అవి గెంతే పెంకు పురుగులు. చిల్లులున్న గోంగూర కడుక్కుని వండుకుంటే ఏ దోషమూ లేదు. ఆకు కోసుకు తినే మొక్కల మీద వాటికోసం మందు కొట్టడమే దోషం.

మందారం, బెండ, కంది పూల మీద నలుపు, నారింజ పట్టీలతో పెద్ద పురుగులు కూచుని రేకలు తింటుంటాయి. అవి బొబ్బ పురుగులు. వీటిని మాత్రం ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, ఒంటి మీద నలపొద్దు. వాటి ఒంట్లోని కాంథారిడిన్ అనే రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పిల్లలకు తప్పకుండా చెప్పండి. చేతికి తొడుగు వేసుకునో, చిన్న వలతోనో పట్టి సబ్బునీళ్లలో వేయండి. వీటి పిల్లలు మట్టిలో మిడత గుడ్లను తింటాయి కాబట్టి నాలుగు కనపడగానే తోటంతా గాలించనక్కర్లేదు.

పగలు ఎంత వెతికినా ఏమీ దొరక్క, పొద్దున లేచేసరికి గులాబీ, మునగ, రేగు, వేప చిగుళ్లు కరిగిపోతున్నాయంటే రాత్రి వచ్చిపోయేవి ఉన్నాయని అర్థం. వేరుపురుగుల తల్లులవి. తొలకరి వానలకు నేల మెత్తబడగానే సంధ్యవేళ మట్టిలోంచి లేచి చెట్ల మీదికి చేరతాయి. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి, కొమ్మలు దులిపి, రాలినవాటిని సబ్బునీళ్లలో వేయాలి. ఈ పది పదిహేను రోజుల్లో చేస్తేనే లాభం. తర్వాత అవి మట్టిలో గుడ్లు పెట్టేస్తాయి, పిల్లలు వేళ్ల మీద పడతాయి. ఇంటి వెనక దీపం కింద ఒక బేసిన్లో నీళ్లు పెట్టి ఉంచినా కొన్ని వచ్చి పడతాయి.

గులాబీ విషయంలోనే ఒక నిరపరాధి ఉంది. ఆకు అంచున బిళ్ల పెట్టి గీసినంత నున్నగా, అర్ధవృత్తంగా ముక్క పోయి ఉంటే అది పెంకు పురుగు కాదు, ఆకును కత్తిరించే తేనెటీగ. తినదు. ఆ ముక్కలు తీసుకెళ్లి తన గూటి గదులకు పరుచుకుంటుంది. కంది, చిక్కుడు పూలకు పరాగసంపర్కం చేసే జీవి అది. పది ఆకుల అంచులు పోయినంత మాత్రాన గులాబీకి నష్టమేమీ లేదు, వదిలేయండి.

పెరట్లో మామిడి చెట్టున్నవాళ్లు వినండి. వానలకు మామిడి ఎర్రటి లేత చిగుళ్లు వేసినప్పుడు, చెట్టు కింద కత్తెరతో కత్తిరించినట్టున్న ఆకు ముక్కలు రాలి ఉంటాయి. తలెత్తి చూస్తే కొమ్మల చివర మొండి ఆకులు మిగిలి ఉంటాయి. ఎవరో పిల్లలు తుంచారనుకుంటాం. అది చిన్న ముక్కు పురుగు పని. తల్లి లేత ఆకు నడిమి ఈనె వెంట గుడ్లు పెట్టి, ఆ తర్వాత ఆకును మొదలు దగ్గర అడ్డంగా కోసేస్తుంది. ముక్క గుడ్లతో సహా నేల మీద పడుతుంది. పిల్ల పురుగు ఆ ముక్కలోనే రెండు పొరల మధ్య తొలుచుకుంటూ పెరిగి, చివరికి మట్టిలోకి దిగి రూపం మార్చుకుంటుంది. రాలిన ముక్కను తీసి వెలుతురుకు పట్టి చూడండి, ఈనె పక్కన గాట్లు కనపడతాయి. ఇంత ఎత్తు చెట్టుకు మందు ఎలా కొట్టాలని బాధపడనక్కర్లేదు. పురుగే తన సంతానాన్ని తెచ్చి మన కాళ్ల దగ్గర వేసింది. చిగురు ముదిరేదాకా రెండు రోజులకోసారి ఆ ముక్కల్ని ఊడ్చి, ఒక ప్లాస్టిక్ సంచిలో బిగించి ఎండలో పడేయండి. కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి, అక్కడి మట్టిలోకి దిగిపోతుంది.

కంపోస్టు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎరువు గుంటలో లావుపాటి తెల్ల పురుగులు ముడుచుకుని కనపడతాయి. అన్నీ శత్రువులు కావు. ఒకదాన్ని తీసి గచ్చు మీద పెట్టండి. వీపు మీద పాకుతూ పోయిందంటే అది పూల పెంకు పురుగు పిల్ల. కుళ్లిన ఆకు తిని ఎరువు చేస్తుంది, గుంటలోనే వేసేయండి. పక్కకు ఒరిగి ముడుచుకునే ఉండిపోయేవాటిని ఏరేయాలి. బొటనవేలంత పెద్దవైతే అవి కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు. అవి పెద్దవై కొబ్బరి మొవ్వును తొలిస్తే, కొత్త మట్ట విచ్చుకున్నప్పుడు ఆకులు త్రికోణాలుగా కత్తిరించి ఉంటాయి. కొబ్బరి చెట్టున్న ఇంట్లో పెంటకుప్పను నెలకోసారి తిరగేయడం తప్పనిసరి.

ఆకు తినే పెంకు పురుగును మనమే పిలిచి తెచ్చుకున్న సందర్భం కూడా ఉంది. వయ్యారిభామ అనే కలుపు మన రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో ఎలా పరుచుకుందో తెలుసు కదా. దాన్ని తినడానికి 1983లో మెక్సికో నుంచి ఒక పెంకు పురుగును బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి, 1984లో వదిలారు. లేత రంగు వీపు మీద ముదురు గోధుమ చారలుంటాయి. వానాకాలంలో వయ్యారిభామ మీద గుంపులుగా కనపడతాయి. దాన్ని చూసి పెరట్లోకి వచ్చేస్తుందేమోనని చంపకండి, మన పనే చేస్తోంది.

ఇప్పుడు మందు. చేత్తో ఏరడం చాలనప్పుడు వేప గింజల కషాయం. 1962లో మిడతల దండు వచ్చినప్పుడు ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో డాక్టర్ ఎస్. ప్రధాన్ పైర్ల మీద వేపగింజల పప్పు కలిపిన నీళ్లు చల్లించారు. మిడతలు వాలాయి గాని తినలేదు. కషాయం పనిచేసే తీరు అక్కడే ఉంది: పురుగుకు తిండి సయించకుండా చేస్తుంది, పిల్ల పురుగు కుబుసం సరిగా విడవలేదు. అందుకే మర్నాడు పొద్దున చూసి "ఇంకా బతికే ఉన్నాయండీ" అని నిరాశపడొద్దు. కొత్త చిల్లులు పడుతున్నాయా లేదా అన్నది చూడండి.

లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పప్పు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను నీళ్లలోనే బాగా పిసికి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లో కుంకుడు రసమో కలపండి. ఎండలో దీని శక్తి తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రమే, ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారం పది రోజులకు మళ్లీ. నిలవ ఉంచుకోవద్దు, ఏ రోజుది ఆ రోజే. గింజలు దొరకనివాళ్లు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె సబ్బుతో కలిపి వాడొచ్చు.

రసాయన మందులు ఇంటి కూరమొక్కల మీద వద్దనే నా మాట. పక్కింటి పొలానికి తెచ్చిన సీసాలో మిగిలిందని తెచ్చి కొట్టేవాళ్లున్నారు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడటం మన దేశంలో నిషిద్ధం. పాత పుస్తకాల్లో ఈ పెంకు పురుగులకు కార్బరిల్ పొడి రాసి ఉంటుంది. దాన్ని 2018 ఆగస్టులో నిషేధించారు. అటకమీద ఆ పొట్లం ఇంకా ఉంటే మొక్కల దగ్గరికి తేకండి, పిల్లలకు అందకుండా పెట్టి, ఎలా వదిలించుకోవాలో మీ వ్యవసాయాధికారిని అడగండి.

ఇప్పుడు వేపచెట్ల కింద పండ్లు రాలుతున్నాయి. మరో రెండు వారాలు పోతే ఉండవు. తడి నేల మీద ఎక్కువ రోజులు పడి ఉన్న గింజకు బూజు పడుతుంది, అది పనికిరాదు. చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి, పసుపు తిరిగిన పండ్లను ఏ రోజువి ఆ రోజు ఏరండి. గుజ్జు కడిగేసి, గింజల్ని రెండు రోజులు ఎండలోనూ తర్వాత నీడలోనూ ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచిలోనో గుడ్డసంచిలోనో పొయ్యండి. ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, చెమ్మ పడుతుంది. పది కుండీల తోటకు రెండు కిలోల గింజలుంటే వచ్చే వేసవి దాకా సరిపోతాయి.